వీడియో కళలో క్లౌన్‌ను చూడటం ఎలా

వీడియోనే కళారూపంగా మ్యూజియంలలో చూపే వీడియో కళ పెట్టిన గదిలోకి అడుగుపెట్టిన కొత్త ప్రేక్షకుడికి ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు వెళ్లిపోవచ్చో చెప్పేవారు ఉండరు. సినిమాకు టికెట్ మీద సమయం ఉంటుంది, నాటకానికి తెర లేస్తుంది. ఇక్కడ మాత్రం మీరు వెళ్లేసరికే ఏదో జరుగుతూ ఉంటుంది, మీరు వచ్చేశాక కూడా జరుగుతూనే ఉంటుంది. ఆ తెర మీద ముఖానికి రంగేసుకున్న క్లౌన్ కనిపిస్తే తికమక ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అతణ్ణి చూడగానే నవ్వాలన్న అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఆ గదిలోనేమో నవ్వు రాదు. నవ్వు ఎందుకు రాలేదో కనిపెట్టాలంటే దేనితో మొదలుపెట్టాలో, ఎక్కడ దృష్టి నిలపాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఉదాహరణగా అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1987లో చేసిన ‘క్లౌన్ టార్చర్’ను తీసుకుంటున్నాను. క్లౌన్‌ను ఇంత నిర్దయగా, అంతే శ్రద్ధగా పట్టి చూసిన వీడియో రచన మరొకటి లేదని నా అభిప్రాయం.

ముందు పదం దగ్గర ఆగండి

క్లౌన్ అనే మాటను తెలుగు చేయబోతే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. సర్కస్‌కు వెళ్లినవారు జోకర్ అనీ బఫూన్ అనీ అంటారు. పుస్తకాల్లో విదూషకుడు అని రాస్తారు. అయితే సంస్కృత నాటకంలోని విదూషకుడు రాజుగారి నేస్తం, తిండిపోతు, ప్రాకృతంలో మాట్లాడే బ్రాహ్మణుడు. కథలో అతనికి ఒక చోటు ఉంది, అతని మాట వినే రాజు ఉన్నాడు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కథ మధ్యలో తెరమీదికి దూకి మోటు సరసాలతో నిద్రపోతున్నవారిని లేపుతారు. వాళ్ల మాటకు తెర ఇవతల కూర్చున్న ఊరంతా నవ్వుతో బదులిస్తుంది. వీళ్లెవరూ ఒంటరివాళ్లు కారు. అందుకే ఈ వ్యాసంలో క్లౌన్ అనే మాటనే వాడుతున్నాను. చూసేటప్పుడు మీరు కూడా విదూషకుణ్ణో కేతిగాణ్ణో అతని మీద పెట్టి చూడకండి, ఎందుకంటే వాళ్లకు ఉన్నదీ ఇతనికి లేనిదీ ఏమిటన్నదే తరువాత మనకు పనికివచ్చే ప్రశ్న.

పాశ్చాత్య క్లౌన్ పని ఏమిటో తెలుసుకుంటే సగం దారి నడిచినట్టే. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ గుర్రపు విన్యాసాలు మొదలుపెట్టాడు. గుర్రం గుండ్రంగా పరుగెత్తడానికి అతను స్థిరపరచిన 42 అడుగుల వ్యాసం గల రింగే నేటికీ సర్కస్ కొలత. ఒక విన్యాసానికీ మరో విన్యాసానికీ మధ్య ప్రేక్షకులు విసుగు చెందకుండా అతను క్లౌన్‌ను దించాడు. మన ఊళ్లకు వచ్చే సర్కస్‌లోనూ ఇంతే: ఊయల ఆటకు వల కడుతున్నంతసేపూ జోకర్లు రింగులో పడుతూ లేస్తూ ఉంటారు, వల బిగియగానే వెళ్లిపోతారు. అంటే క్లౌన్ ఖాళీని నింపే మనిషి. అతనికి మూడు ఆధారాలున్నాయి: చుట్టూ మనుషులుంటారు, వాళ్ల నవ్వు అతనికి వినిపిస్తుంది, కాసేపట్లో తరువాతి ఆట వచ్చి అతణ్ణి విడిపిస్తుంది. వీడియో కళ ఈ మూడింటినీ తీసేస్తుంది. రింగు పోయి నాలుగు గోడల గది వస్తుంది, నవ్వు వినిపించదు, తరువాతి ఆట ఎప్పటికీ రాదు. క్లౌన్ కనిపించే ఏ వీడియో ముందు నిలబడినా, అతనికి ఏం జరుగుతోందని అడిగే ముందు అతని నుంచి ఏం తీసేశారని అడగండి.

గదిలో ఏముంటుంది

‘క్లౌన్ టార్చర్’ షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో ఉంది. షికాగోలోనూ, చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరాల్లోనూ ఉన్న తెలుగువారికి అది అందుబాటులో ఉన్న మ్యూజియమే, కానీ ఈ రచనను ఏడాది పొడవునా ప్రదర్శనలో ఉంచరు కాబట్టి వెళ్లే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది. చిన్నపిల్లలను వెంట తీసుకువెళ్లకండి. గదిలో కేకలు చాలా గట్టిగా ఉంటాయి, క్లౌన్‌ను చూద్దామని ఉత్సాహంగా వచ్చిన పిల్లలు బెదిరిపోతారు.

చీకటి గదిలో ఎదురెదురు గోడల మీద రెండు పెద్ద ప్రొజెక్షన్లు, రెండు పీఠాల మీద ఒకదానిపై ఒకటి పేర్చిన నాలుగు మానిటర్లు ఉంటాయి. మానిటర్లలో కొన్నింటిని తలకిందులుగానో పక్కకు పడుకోబెట్టో అమర్చారు. ఆరింటి నుంచీ ఒకేసారి శబ్దం వస్తుంది. ఒక క్లౌన్ నేల మీద పడి కాళ్లు తన్నుకుంటూ ‘నో, నో’ అని అరుస్తుంటాడు. ఒకడు బంగారు చేప ఉన్న గాజు గిన్నెను కర్రతో ఇంటి కప్పుకు అదిమిపట్టి నిలబడి ఉంటాడు. ఒకడు తలుపు తీయగానే పైన పెట్టిన బకెట్‌లోని నీళ్లు అతని నెత్తిన పడతాయి. ఒకడు ఒక పొడుపుకథ చెబుతూ అందులోంచి బయటపడలేకపోతుంటాడు. ఇంకొక చోట, నిఘా కెమెరా కోణంలో, మరుగుదొడ్డిలో కూర్చున్న క్లౌన్ కనిపిస్తాడు. మొత్తం దాదాపు గంటసేపు సాగి మళ్లీ మొదటికి వస్తుంది.

కళ్ల కంటే ముందు చెవులు

లోపలికి వెళ్లగానే ఏ తెరనూ చూడకండి. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు ఆగి వినండి. మొదట అది ఒట్టి రొదగా ఉంటుంది. కాసేపటికి ఒక్కొక్క గొంతూ విడిపోయి, ఏ అరుపు ఎంత సేపటికోసారి తిరిగివస్తోందో తెలుస్తుంది. ఈ రచనలో హింస చాలావరకు చెవి ద్వారానే వస్తుంది. బొమ్మ నుంచి ముఖం తిప్పుకోవచ్చు, శబ్దం నుంచి తప్పించుకోలేము. పేరులో ఉన్న చిత్రహింస క్లౌన్‌కు జరుగుతోందా, క్లౌన్ మనకు పెడుతున్నాడా అన్న అనుమానం మీకు గుమ్మం దగ్గరే రావాలి. వస్తే సరిగ్గా వింటున్నట్టే.

తరువాత పొడుపుకథ చెబుతున్న క్లౌన్ దగ్గరికి వెళ్లండి. అది ఇంగ్లిష్ పిల్లల ఆట: పీట్, రిపీట్ అనే ఇద్దరు కంచె మీద కూర్చున్నారు, పీట్ పడిపోయాడు, ఇక మిగిలినది ఎవరు? ‘రిపీట్’ అని జవాబు చెప్పగానే, ఆ పేరుకు ‘మళ్లీ చెప్పు’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, కథ మళ్లీ మొదలవుతుంది. మనకిది కొత్త కాదు. నూతిలో సూది పడిన కథ చెబుతానని ఆశపెట్టి, మనం ‘ఊ’ కొడితే ‘ఊ అంటే వస్తుందా సూది’ అనీ, ‘మరి?’ అంటే ‘మరి అంటే వస్తుందా సూది’ అనీ ఏడిపించిన అక్కలూ అన్నలూ మనలో చాలామందికి ఉన్నారు. ఆ ఆటలో ఏడ్చేది వినేవాడు, నవ్వేది చెప్పేవాడు. నౌమన్ ఈ ఏర్పాటును తిరగేశాడు: ఇక్కడ చెప్పేవాడే ఇరుక్కుపోయాడు, అడిగేదీ అతనే, జవాబిచ్చేదీ అతనే, ఊ కొట్టేవాడు లేడు. అతని గొంతు ఎక్కడ మారుతోందో పట్టుకోండి. మొదట్లో పిల్లలకు చెబుతున్నట్టున్న హుషారు, కొన్ని చుట్ల తరువాత బలవంతపు హుషారు, ఆ పైన బతిమాలడం, చివరికి చిరాకు. మాటలు మారవు, వాటి అడుగున మనిషి మారుతుంటాడు.

ఒక్క తెర, ఐదు సార్లు

ఆరు తెరలనూ సమానంగా చూడాలని ప్రయత్నిస్తే ఏదీ చూడనట్టే అవుతుంది. ఒక్కదాన్ని ఎంచుకుని కనీసం ఐదు చుట్లు చూడండి. మొదటిసారి వెళ్లేవారికి నేను బకెట్ దృశ్యాన్నే చెబుతాను.

మొదటిసారి చూసినప్పుడు అది మామూలు హాస్యం: తలుపు తీశాడు, తడిశాడు. రెండోసారి మీకు బకెట్ సంగతి తెలుసు, అతనికి తెలియదు. ఇది నాటకంలో ప్రేక్షకుడికి ఎప్పుడూ ఉండే సుఖం. మూడోసారి, ఇన్నిసార్లు తడిసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది అన్న ప్రశ్న పుడుతుంది. నాలుగోసారి అతని ముఖం కాకుండా చేతిని చూడండి, తలుపు మీద అది ఎంత మామూలుగా పడుతోందో గమనించండి. ఐదోసారికి మీరు నీళ్ల కోసం ఎదురుచూస్తున్నారని మీకే తెలిసిపోతుంది. అతను తడిస్తేనే దృశ్యం పూర్తవుతుందని మీ మనసు కోరుతోంది. ఈ సంగతి నాకు తెలిసినప్పుడు సిగ్గు కలిగింది, ఆ సిగ్గును దాచుకోనక్కరలేదని కూడా అనిపించింది. రింగు తీసేసినప్పుడు కనబడకుండా పోయిన ప్రేక్షకుడి చోటును కళాకారుడు మనకు అప్పగించాడు.

బకెట్ ఇంతకు ముందు ఎక్కడ కనిపించిందో కూడా గుర్తుచేసుకోవచ్చు. అమెరికన్ సర్కస్‌లో ఎమెట్ కెల్లీ అనే క్లౌన్, ఆర్థిక మాంద్యం నాటి దేశదిమ్మరి వేషంలో, నేల మీద పడిన దీపపు వెలుగును చీపురుతో ఊడ్చే ఆటతో పేరు పొందాడు. 1944 జూలై 6న కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్కస్ గుడారం అంటుకుని 160 మందికి పైగా మరణించారు. ఆనాటి ఛాయాచిత్రం ఒకదానిలో కెల్లీ, ముఖాన రంగు చెరగకుండానే, నీళ్ల బకెట్ పట్టుకుని పరుగెడుతున్నాడు. నౌమన్ ఆ ఛాయాచిత్రం చూసి ఈ దృశ్యం చేశాడని నేను అనడం లేదు. నవ్వించడానికి పుట్టిన వస్తువు చోటు మారగానే ఎంత బరువెక్కుతుందో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

చేపగిన్నె దృశ్యానికి మరో రకమైన చూపు కావాలి. అక్కడ దాదాపు ఏమీ జరగదు. కర్ర దించితే గిన్నె పడుతుంది, దించకపోతే అతను అక్కడి నుంచి కదలలేడు. భుజాలను, మోచేతిని, పాదాల సర్దుబాటును చూడండి. ఆ రంగుల బట్టల లోపల నిజంగా అలసిపోతున్న నటుడి శరీరం ఉంది, అలసటను ఎవరూ నటించి ఎక్కువసేపు నిలపలేరు. నౌమన్ 1960ల చివరి నుంచీ ఈ పని చేస్తున్నాడు. తన స్టూడియోలో మూలకు ఒరిగి పదేపదే ఎగిరిపడటం, ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ పాత్రల్లా కాళ్లు బిగబట్టి నడవడం వంటి చేష్టలను 1968లో గంటసేపు సాగే వీడియోలుగా తీశాడు. ఆనాటి టేపు నిడివే గంట. కథ ముగిసినప్పుడు కాక టేపు అయిపోయినప్పుడు పని ఆగుతుందన్నమాట. ఈ పద్ధతి తెలిస్తే, ‘క్లౌన్ టార్చర్’లోని ఎడతెగని పునరుక్తి ప్రేక్షకుణ్ణి విసిగించడానికి చేసిన గారడీ కాదనీ, ఇరవై ఏళ్లుగా ఆయన పట్టుకున్న ఆలోచనకు కొనసాగింపనీ తెలుస్తుంది.

రంగును చదవండి

క్లౌన్ ముఖాన ఉన్న రంగుకు ఒక వ్యాకరణం ఉంది. ముఖమంతా తెల్లగా పూసుకున్నవాడు సాధారణంగా పెత్తనం చేసేవాడు. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్ రంగస్థలాన్ని ఏలిన జోసెఫ్ గ్రిమాల్డీ తెల్లని ముఖం, బుగ్గల మీద ఎర్రని త్రికోణాలు ఈ రకానికి నమూనా అయ్యాయి. ఒంటి రంగుకు దగ్గరి పూత మీద ఎర్ర ముక్కు, కళ్ల చుట్టూ నోటి చుట్టూ తెలుపు పెట్టుకుని వదులు బట్టలు వేసుకున్నవాడిని ఆగస్ట్ అంటారు; దెబ్బలు తినేది ఇతనే. మూడోవాడు కెల్లీ వేసిన దేశదిమ్మరి. సర్కస్‌లో ఈ రంగు ఎంత సొంతమంటే, బ్రిటన్‌లో ఒక్కొక్క క్లౌన్ ముఖాన్నీ గుడ్డు మీద చిత్రించి భద్రపరిచే ఆచారం 20వ శతాబ్దంలో మొదలై నేటికీ ఉంది. వీడియో ముందు నిలబడినప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: కొట్టేవాడు ఎక్కడ? ఆగస్ట్ ఉన్నాడు, అతన్ని ఆడించే తెల్లముఖం కనబడదు. ఆ చోటు కెమెరాది కావచ్చు, కళాకారుడిది కావచ్చు, గదిలో నిలబడి చూస్తున్నవారిది కావచ్చు. మరుగుదొడ్డిలోని క్లౌన్‌ను నిఘా కెమెరా కోణంలో చూపడం వల్ల ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది.

నౌమన్‌కు రంగు పూత మీద ఆసక్తి క్లౌన్ కంటే ముందే ఉంది. 1967, 68ల్లో తీసిన ‘ఆర్ట్ మేకప్’ అనే నాలుగు చిత్రాల్లో ఆయన తన ముఖానికీ ఒంటికీ వరుసగా తెలుపు, గులాబి, ఆకుపచ్చ, నలుపు రంగులను నిదానంగా పూసుకుంటాడు. నటన మొదలవుతుందని మనం ఎదురుచూస్తూ ఉండగానే చిత్రం అయిపోతుంది. ముఖానికి రంగేసుకోవడమే అక్కడ జరిగినది. వీలైతే దాన్ని ముందు చూసి తరువాత క్లౌన్ దగ్గరికి రండి. వేషం మనిషిని బయటపెడుతుందా కప్పేస్తుందా అన్న ప్రశ్న ఆయన ఎప్పటి నుంచి అడుగుతున్నాడో అర్థమవుతుంది. రంగు వేసుకున్న ముఖం ఒక వ్యక్తిని పోగొట్టి మనిషి అనే నైరూప్య భావనను మిగుల్చుతుందన్న ఆలోచనే తనను క్లౌన్ వైపు లాగిందని ఆయన ఒక సంభాషణలో చెప్పుకున్నాడు కూడా.

తొందరపడి చేసే రెండు తప్పులు

మొదటిది, ‘నవ్వు వెనుక కన్నీరు’ అనేసి ఊరుకోవడం. ఈ అర్థం అరిగిపోయింది, పైగా ఇక్కడ పొసగదు. ‘నో, నో’ అని అరిచే క్లౌన్ తన దుఃఖాన్ని దాచుకోవడం లేదు. అతనికి దాచడానికి ఒక గతం, ఒక ఇల్లు, ఒక పేరు ఉన్నాయని కూడా మనకు తెలియనివ్వలేదు. జాలి పడటానికి కావలసిన కథను కళాకారుడు మన చేతికి ఇవ్వలేదు, కనుక మనం సొంతంగా అల్లుకోకూడదు.

రెండవది, భయపెట్టే క్లౌన్ల జాబితాలో దీన్ని వేసేయడం. షికాగో పరిసరాల్లో 33 హత్యలు చేసి 1978లో పట్టుబడిన జాన్ వేన్ గేసీ పిల్లల వేడుకల్లో క్లౌన్ వేషం వేసేవాడన్న సంగతి అమెరికన్ల మనసులో గట్టిగా నాటుకుంది, 1987లో ఈ రచనను చూసినవారు దాన్ని మరచి ఉండరు. కానీ నౌమన్ క్లౌన్‌లు ఎవరికీ హాని చేయరు, అన్నీ వాళ్లకే జరుగుతాయి. వాళ్లను చూస్తే భయం వేస్తుందంటే ఆ భయం మరెక్కడి నుంచో వస్తోంది; గీసిన నవ్వు కదలకుండా ఉండగా దాని కింద అసలు నోరు ఏడుస్తూ అరుస్తూ ఉండటం దానికి ఒక కారణం. రెండు నోళ్లను విడివిడిగా చూడటం సాధన చేయండి.

ఆ తరువాత ఏం చూడాలి

నౌమన్‌దే ‘వయొలెంట్ ఇన్సిడెంట్’ (1986) ముందు చూడాలి. పన్నెండు మానిటర్ల గోడ మీద, భోజనానికి కూర్చోబోతున్నవారి కింద నుంచి కుర్చీ లాగే పాత హాస్యం క్షణాల్లో తిట్లకూ దెబ్బలకూ దారితీస్తుంది. అక్కడ రంగు పూత లేదు, ఎర్ర ముక్కు లేదు, అయినా జరిగేదంతా క్లౌన్ ఆటే. డెన్మార్క్ కళాకారుడు పీటర్ లాండ్ ‘పింక్ స్పేస్’ (1995)లో మెరిసే కోటు వేసుకుని ఎత్తైన స్టూలు మీద కూర్చోబోయి పడిపోతూనే ఉంటాడు, ఇదీ అంతే. అమెరికన్ కళాకారుడు పాల్ మెకార్తీ ‘పెయింటర్’ (1995)లో ఉబ్బిన కృత్రిమ ముక్కు, పెద్ద రబ్బరు చేతులు తగిలించుకున్న చిత్రకారుడు స్టూడియోలో వీరంగం వేస్తాడు; క్లౌన్‌ను గొప్ప చిత్రకారుడి స్థానంలో కూర్చోబెట్టినప్పుడు ఏమవుతుందో అందులో చూడవచ్చు, కాకపోతే రోత పుట్టించే దృశ్యాలకు సిద్ధపడి వెళ్లాలి.

వీడియో కాకపోయినా పోలికకు స్విస్ కళాకారుడు ఉగో రొండినోనే శిల్పసముదాయం ‘వొకాబ్యులరీ ఆఫ్ సాలిట్యూడ్’ చాలా ఉపయోగపడుతుంది. మనిషంత ఎత్తున్న 45 క్లౌన్ బొమ్మలు కళ్లు మూసుకుని గది నిండా కూర్చునీ పడుకునీ ఉంటాయి. ఒంటరి మనిషి ఒక రోజులో చేసే పనుల పేర్లే వాటి పేర్లు: ఊపిరి పీల్చడం, నిద్ర, వంట, కునుకు, ఆవలింత, తలపోత. నౌమన్ క్లౌన్‌కు విశ్రాంతి లేదు, రొండినోనే క్లౌన్‌కు విశ్రాంతి తప్ప మరేమీ లేదు. సందర్శకులు వాటి పక్కన కూర్చుని ఫొటోలు దిగుతుంటారు, ఆ క్లౌన్‌లు మాత్రం ఎవరినీ నవ్వించవు. రింగులో ఖాళీని నింపినవాడికి ఇక్కడ ఖాళీయే బతుకైంది.

ఏది చూసినా చిన్న పుస్తకం ఒకటి వెంట ఉంచుకోండి. అర్థాలు రాయకండి, సమయం, శబ్దం, శరీరం ఏం చేసింది అన్నవే రాయండి. మీరు నవ్విన క్షణం ఉంటే దాన్నీ, పక్కవారు నవ్వినప్పుడు మీకెలా అనిపించిందో దాన్నీ రాయండి. వీలైతే అదే రచనను మరో రోజు మళ్లీ చూడండి, ఈసారి వేరే క్షణంలో లోపలికి వెళ్లేలా చూసుకోండి. బకెట్ పడ్డాక తడిసి నిలబడి ఉన్న క్లౌన్‌ను ముందు చూసి, తలుపు తీయడాన్ని తరువాత చూస్తే, మొదటి రోజు మీరు రాసుకున్న దానిలో కొంత కొట్టివేయవలసి వస్తుంది.